దుమ్ము ఫిల్టర్‌లోంచి కాదు, పక్క సందులోంచి దూరుతుంది

ఎండలు మొదలయ్యాయో లేదో, ఎయిర్ ఫిల్టర్ గురించి వరసగా ఉత్తరాలు వచ్చాయి. థార్, జిమ్నీ, పాత జీపు, ట్రాక్టర్, బైకు, అన్ని బండ్లవాళ్ళూ రాశారు. ఒకేలాంటి ప్రశ్నలు కలిపేసి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: అన్నా, నాది డీజిల్ థార్. సెలవు దొరికితే ఫ్రెండ్స్‌తో గుట్టల వైపు, ఎండిపోయిన పెన్న ఇసుకలోకి వెళ్తుంటాం. కంపెనీ పేపర్ ఫిల్టర్ తీసేసి, కడిగి వాడుకునే కాటన్ ఫిల్టర్ వేయించుకోమని అందరూ చెప్తున్నారు. పికప్ పెరుగుతుందట, ఒకసారి కొంటే జీవితాంతం వస్తుందట. వేయించమంటారా? (అనంతపురం)

జవాబు: వద్దు తమ్ముడూ. నువ్వు తిరిగే చోట్లకి పేపరే మంచిది. ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ ఒక్క విషయం అర్థమైతే మిగతా ప్రశ్నల్లో సగం అక్కడే తీరిపోతాయి.

ముందు ఈ లెక్క చూడు. నీది 2.2 లీటర్ల ఇంజన్ అనుకుందాం. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ రెండు చుట్లు తిరిగేసరికి తన సైజంత గాలి పీలుస్తుంది. అంటే 2000 ఆర్‌పీఎం (నిమిషానికి 2000 చుట్లు) దగ్గర నిమిషానికి 2200 లీటర్లు, గంటకి లక్షా 32 వేల లీటర్లు, టర్బో నొక్కి పంపేది ఇంకా అదనం. ముందు బండి లేపిన ఎర్రదుమ్ములో నువ్వు గంటసేపు నడిపితే ఇంత గాలితోపాటు ఎంత మట్టి లోపలికి రావాలని చూస్తుందో ఆలోచించు. మట్టిదుమ్ములో క్వార్ట్జ్ ఉంటుంది, గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద దాని అంకె 7, ఇంజన్ బోరు, అంటే పిస్టన్ ఆడే గొట్టం, పోతపోసిన ఇనుము దానికంటే మెత్తన. కంటికి కనిపించే ఇసుక రేణువుతో పెద్ద భయం లేదు, అది ఫిల్టర్ డబ్బా అడుగునే పడిపోతుంది. అసలు ప్రమాదం 5 నుంచి 20 మైక్రాన్ల సైజు దుమ్ముతో. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది కాబట్టి ఈ దుమ్ము ఎంత సన్ననిదో చూసుకో. ఇది పిస్టన్ రింగుకీ బోరుకీ మధ్య ఉండే ఆయిల్ పొరలో చేరి రెండింటినీ గీకుతుంది, అక్కడినుంచి ఆయిల్‌తోపాటు కిందికి దిగి బేరింగుల్నీ అరగదీస్తుంది.

కాటన్ ఫిల్టర్ పనిచేసే తీరు వేరు. జాలిలాంటి గుడ్డ పొరలకి జిగట ఆయిల్ పట్టిస్తారు, దుమ్ము వచ్చి ఆ ఆయిల్‌కి అంటుకోవాలి. సందులు పెద్దవి కాబట్టి గాలి బాగా దిగుతుంది, అందులో అబద్ధం లేదు. కానీ ఆ సందుల్లోంచే సన్నదుమ్ము కూడా పేపర్ కంటే ఎక్కువగా దిగుతుంది. పైగా కడిగాక ఆయిల్ సమంగా పట్టించడం అందరికీ చేతకాదు. ఎక్కువైతే ఆ ఆయిల్ గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ మీద చేరి రీడింగ్ తప్పుతుంది, తక్కువైతే పొడిగా మిగిలిన చోటల్లా దుమ్ముకి దారి ఇచ్చినట్టే. తారురోడ్డు మీద రేసు బండికి, ప్రతి రేసు తర్వాతా విప్పి చూసుకునేవాళ్ళకి అది సరిపోతుంది, నీకు కాదు.

పికప్ మాట కూడా చెప్తాను. టర్బో డీజిల్‌లో ఎంత డీజిల్ కొట్టాలో ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, నిర్ణయిస్తుంది. శుభ్రంగా ఉన్న కంపెనీ ఫిల్టర్ ఆ ఇంజన్‌కి కావలసినంత గాలి ఇవ్వగలదు, అందుకు తగ్గ సైజులోనే పెడతారు. ఫిల్టర్ మార్చగానే తేడా తెలిసిందనేవాళ్ళకి తెలిసేది చాలావరకు గాలి పీల్చే చప్పుడు. ఇక బానెట్ కింద డబ్బా లేకుండా పెట్టే కోన్ ఫిల్టర్ గురించి అయితే ఆలోచన కూడా చేయొద్దు. అది ఇంజన్ పక్కనున్న వేడిగాలి పీలుస్తుంది, వేడిగాలి పలచన కాబట్టి పికప్ తగ్గుతుంది, వాగు దాటేటప్పుడు చిమ్మే నీళ్ళు నేరుగా దానిమీదే పడతాయి.

పేపర్ ఫిల్టర్ వందల్లో దొరుకుతుంది, దుమ్ము తిన్న డీజిల్ ఇంజన్ రిపేరుకి వస్తే ఖర్చు లక్షల్లోకి వెళ్తుంది. కంపెనీదే కొను, లేదా బాష్, మాన్, ప్యూరోలేటర్, ఎలోఫిక్ లాంటివి బిల్లు ఇచ్చే షాపులో తీసుకో, ఎందుకంటే డబ్బా మీద పేరు ఒకటి, లోపల సరుకు ఒకటి ఉండే నకిలీలు చాలా ఉన్నాయి. పాతదాన్ని చేత్తో పట్టుకుని వెళ్ళి పక్కపక్కన పెట్టి చూడు. ఎత్తు ఒకటే ఉండాలి, పేపర్ మడతలు సమానంగా ఉండాలి, చుట్టూ ఉండే రబ్బరు బొటనవేలితో నొక్కితే లోపలికి వెళ్ళి మళ్ళీ పైకి రావాలి. రబ్బరు గట్టిగా ప్లాస్టిక్ లాగా ఉంటే ఏ బ్రాండైనా సరే వదిలెయ్. బ్రాండ్ కంటే ఆ రబ్బరు ముఖ్యం, అదెందుకో కింది జవాబులో చూడు.

ప్రశ్న: నమస్తే అండీ. మాది జిమ్నీ. వికారాబాద్ వైపు మట్టిదారుల్లో వెళ్ళొస్తుంటాం. ఫిల్టర్ నేనే మార్చుకోవాలనుకుంటున్నాను. కష్టమా? జాగ్రత్తలు చెప్పండి. (హైదరాబాద్)

జవాబు: కష్టం ఏమీ లేదమ్మా. స్క్రూడ్రైవర్, తడిగుడ్డ, టార్చిలైటు ఉంటే చాలు. అయితే తొందర పనికిరాదు. ఎక్కువమంది ఫిల్టర్ మార్చడమంటే పాతది తీసి కొత్తది పడేసి మూత వేయడమే అనుకుంటారు, నేను అందులో సగం పని మూత తీయకముందే ఉందంటాను.

ఇంజన్ చల్లారాక డబ్బా పైన, క్లిప్పుల చుట్టూ పేరుకున్న దుమ్మంతా ముందు తడిగుడ్డతో తుడిచేయండి. లేకపోతే మూత ఎత్తగానే అదంతా లోపల పడుతుంది. తర్వాత మూత తీసి ఫిల్టర్‌ని పక్కకి వంచకుండా నిలువుగా పైకి ఎత్తండి. ఇంజన్ వైపు పోయే పైపు నోటికి దూది రాలని శుభ్రమైన గుడ్డ పెట్టండి, మూత వేసేముందు దాన్ని తీయడం మాత్రం మరిచిపోవద్దు. డబ్బా అడుగున ఉండే ఇసుక, ఎండుటాకులు, పురుగులు తడిగుడ్డతో ఎత్తండి, గాలి కొట్టొద్దు.

ఇప్పుడు పాత ఫిల్టర్‌ని పారేయకుండా దాని అంచు చూడండి. బాగా కూర్చున్న ఫిల్టర్‌కైతే రబ్బరు చుట్టూ ఎక్కడా తెగకుండా ఒక శుభ్రమైన గీత కనిపిస్తుంది, గీతకి ఒకవైపు మట్టి, రెండోవైపు ఏమీ ఉండదు. ఎక్కడైనా ఆ గీత మీదుగా మట్టి చార లోపలి వైపుకి దాటిందంటే గాలి అక్కడ పేపర్‌లోంచి కాకుండా పక్కనుంచి పోయిందన్నమాట. అలాగే ఇంజన్ వైపు పైపులో వేలు పెట్టి తుడిచి చూడండి. వేలికి పౌడర్ లాంటి సన్నదుమ్ము అంటితే కొత్త ఫిల్టర్ వేసినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు, దుమ్ము దూరే సందు ఎక్కడుందో వెతకాలి. మూత వంగిందా, క్లిప్పు వదులైందా, హోస్ క్లిప్ దగ్గర పైపు చిట్లిందా, అన్నీ చూడండి.

కొత్తది గాడిలో పెట్టాక చుట్టూ బొటనవేలితో నొక్కుకుంటూ రండి, ఎక్కడా పైకి లేవకూడదు. చాలా బండ్లలో మూతకి వెనకవైపు చిన్న నాలుకలు ఉంటాయి, అవి ముందు గాడిలో దూరాలి, ఆ తర్వాతే ముందు క్లిప్పులు వేయాలి. క్లిప్పు బలవంతంగా నొక్కాల్సి వస్తోందంటే వెనక నాలుక దూరలేదని అర్థం, మళ్ళీ తీసి పెట్టండి. చివర్లో హోస్ క్లిప్ బిగించి, సెన్సర్ ప్లగ్గు విప్పి ఉంటే పెట్టేయండి.

సీల్ మీద అనుమానం ఉంటే ఒక పరీక్ష చేయొచ్చు. సెన్సర్ దాటాక, ఇంజన్ వైపు పైపు లోపల వేలెడంత మేర గ్రీజు చాలా పలచగా రాయండి. ఒక దుమ్ముదారి ట్రిప్ తిరిగొచ్చాక ఆ గ్రీజు వేళ్ళ మధ్య నలిపితే మెత్తగా ఉండాలి. గరగరలాడితే సందు ఉన్నట్టే.

ప్రశ్న: వారానికోసారి పంచర్ షాపులో ఫిల్టర్‌కి గాలి కొట్టిస్తాను. మంచిదేనా? (ఖమ్మం)

జవాబు: మంచిది కాదండీ, మానేయండి. పంచర్ షాపు కంప్రెసర్‌లో గాలి 100 పీఎస్ఐ పైనే ఉంటుంది, దగ్గర్నుంచి కొడితే పేపర్‌కి కంటికి కనిపించని చిల్లులు పడతాయి. పైకి తెల్లగా మెరుస్తుంది, దుమ్ము మాత్రం ఆపలేదు. ఇంకో విషయం, పేపర్ మీద పలచగా దుమ్ము పొర పట్టాకే అది సన్నదుమ్మును ఇంకా బాగా ఆపుతుంది. వారం వారం విప్పితే ఆ పొర పోతుంది, విప్పిన ప్రతిసారీ శుభ్రంగా ఉండాల్సిన వైపు కాస్తో కూస్తో మట్టి రాలుతుంది. ట్రిప్ మధ్యలో కొత్తది దొరకక తప్పనిసరి అయితే చేతికి మెల్లగా తట్టి దులపండి, గాలి కొట్టాల్సే వస్తే 30 పీఎస్ఐ దాటకుండా, లోపలి వైపు నుంచి బయటికి, దూరం నుంచి కొట్టండి. ఆపైన చీకట్లో లోపల టార్చి పెట్టి చూడండి, సూదిమొనంత వెలుగు విడిగా కనిపించినా పారేయండి. పేపర్‌ని నీళ్ళతో కడగడం అసలే వద్దు.

ఎన్ని కిలోమీటర్లకి మార్చాలని చాలామంది రాశారు. మాన్యువల్‌లో మామూలు రోడ్డుకి ఒక అంకె, దుమ్ము రోడ్డుకి వేరే అంకె ఉంటాయి, మీరు రెండోది చూడాలి. డబ్బా మీద ఫిల్టర్ ఎంత మూసుకుపోయిందో చూపే రెస్ట్రిక్షన్ ఇండికేటర్ ఉంటే ఇంకా సులువు, అందులో ఎర్రగీత వచ్చినప్పుడే మార్చండి.

ప్రశ్న: మా నాన్నగారి పాత మహీంద్రా జీపు బాగు చేయించాను, 2.5 లీటర్ల డీఐ ఇంజన్. ఆయిల్ పోసే పాతరకం ఎయిర్ క్లీనర్ ఉంది. అడవి దారుల్లో ఎత్తుపల్లాలు ఎక్కువ. దాన్నే ఉంచాలా, డ్రై టైపుకి (పేపర్ ఫిల్టర్‌కి) మార్చాలా? (ఆదిలాబాద్)

జవాబు: ఆయిల్ బాత్ ఫిల్టర్ అంటే నాకు గౌరవమే. మన ఊళ్ళలో దుక్కి దున్ని, రోటావేటర్ వేసి, నూర్పిళ్ళు చేసిన ట్రాక్టర్లు ఎన్నో దానిమీదే బతికాయి. గాలి కిందికి వచ్చి ఆయిల్‌ని తాకి గిరుక్కున పైకి తిరుగుతుంది, ఆ మలుపులో బరువైన దుమ్ము ఆయిల్‌లో పడిపోతుంది, మిగిలింది పైనున్న తడి జాలికి అంటుకుంటుంది. దీనికి కొత్త ఫిల్టర్ కొనే ఖర్చు ఉండదు. కానీ గాలి వేగంగా వస్తేనే ఆ పని బాగా జరుగుతుంది. మీరు అడవిలో ఫస్ట్ గేర్లో, తక్కువ ఆర్‌పీఎం మీద మెల్లగా ఎక్కుతున్నప్పుడు గాలి వేగం పడిపోయి సన్నదుమ్ము తప్పించుకుపోతుంది. రెండోది, జీపు బాగా ఒరిగితే గిన్నెలో ఆయిల్ పక్కకి చేరుతుంది, ఇంజన్ దాన్ని పీల్చేస్తుంది. డీజిల్ ఇంజన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా వాడుకుని ఆపినా ఆగకుండా రేజ్ అయిపోగలదు, అది చాలా ప్రమాదం. అందుకే గిన్నెలో ఆయిల్ గీత దాటి ఒక్క చుక్క కూడా ఎక్కువ పోయొద్దని చెప్తాను.

మీ వాడకానికి డ్రై టైపే నా సలహా. మీ ఇంజన్‌కి 3000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 3750 లీటర్ల గాలి కావాలి. అంతకంటే పెద్ద ఇంజన్‌కి వచ్చే గుండ్రటి డబ్బా ఫిల్టర్ తీసుకోండి. పేపర్ ఎక్కువ ఉంటే అది తొందరగా మూసుకుపోదు. లోపల రెండో చిన్న ఫిల్టర్, అంటే సేఫ్టీ ఫిల్టర్ ఉన్న రకమైతే మరీ మంచిది. ఆ లోపలిదాన్ని దులపడం, గాలి కొట్టడం ఎప్పుడూ చేయకూడదు, బయటిది మూడోసారి మార్చేటప్పుడు దాన్నీ మార్చేయండి. డబ్బా కింద వేలాడే రబ్బరు డస్ట్ వాల్వ్‌ని అడ్డమని కోసిపారేసేవాళ్ళు ఉన్నారు, అలా చేస్తే ఇంజన్ కిందినుంచి దుమ్మును నేరుగా పీలుస్తుంది. దాని నోరు కిందికి ఉండాలి, పొద్దున్నే ఒకసారి వేళ్ళతో నొక్కి పోగైన మట్టిని రాల్చండి.

ట్రాక్టర్ ఆయిల్ బాత్ గురించి రాసిన రైతు సోదరులకి: రోటావేటర్ పని నడిచే రోజుల్లో గిన్నె రోజూ విప్పి చూడండి. అడుగున బురద గట్టిపడుతుంటే డీజిల్‌తో కడిగి, కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిల్ గీత దాకా పోయండి. వాడిన నల్లటి ఆయిల్ పోయొద్దు.

ప్రశ్న: సర్, నేను అరకు, లంబసింగి వైపు బైకు మీద ట్రైల్ రైడింగ్ చేస్తుంటాను. ఫోమ్ ఫిల్టర్ వేసుకున్న అమ్మాయిలు ఇద్దరు ముగ్గురున్నారు మా గ్రూపులో. నేనూ మారనా? (విశాఖపట్నం)

జవాబు: మారవచ్చు, నీకు ఓపిక ఉంటేనే. డర్ట్ బైకులకి ఆయిల్ పట్టించిన ఫోమ్ వాడేది ఊరికే కాదు, బురదనీళ్ళు పడినా అది పేపర్‌లాగా నాని చిరగదు, కడిగి మళ్ళీ పెట్టుకోవచ్చు. అయితే ఆయిల్ లేని ఫోమ్ అసలు ఫిల్టరే కాదు, ఉత్త స్పాంజి ముక్క, దాన్ని గుర్తుపెట్టుకో తల్లీ. ముందు కిరోసిన్‌లో పిండి, తర్వాత సబ్బునీళ్ళలో కడిగి, నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. పెట్రోల్ వాడకు, అతుకు జిగురు ఊడిపోతుంది, నిప్పు భయం కూడా ఉంది. ఆరాక ఫోమ్ ఫిల్టర్ కోసం అమ్మే జిగట ఆయిలే పట్టించాలి, ఇంజన్ ఆయిల్ అయితే కారిపోయి అడుగుకి చేరుతుంది. గుడ్డ పిండినట్టు మెలిపెట్టకుండా గుప్పిట్లో నొక్కుతూ రంగు అంతటా ఒకేలా వచ్చేదాకా పట్టించు, అంచుకి పలచగా గ్రీజు రాసి కూర్చోబెట్టు. ఇదంతా ప్రతి దుమ్ము రైడ్ తర్వాతా చేయగలనంటే ఫోమ్ తీసుకో, లేదంటే కంపెనీదే ఉంచి తొందర తొందరగా మార్చుకో. చాలా బైకుల్లో కంపెనీ నుంచే ఆయిల్ పట్టించిన పేపర్ వస్తుంది, దానికి గాలి కొట్టకూడదు, నేరుగా మార్చేయడమే.

ప్రశ్న: మారేడుమిల్లి వాగుల్లో దిగాలని స్నార్కెల్ వేయిద్దామనుకుంటున్నాను. వేస్తే ఇక నీళ్ళ టెన్షన్ ఉండదు కదా? (రాజమహేంద్రవరం)

జవాబు: ఉంటుందండీ. స్నార్కెల్ గాలి పీల్చే నోటిని పైకి తీసుకెళ్తుంది, అంతే. థార్‌కి కంపెనీ చెప్పిన వేడింగ్ లోతు, అంటే నీళ్ళలో దిగగలిగే లోతు, 650 మిల్లీమీటర్లు, కంపెనీ నుంచే స్నార్కెల్‌తో వచ్చే ఫోర్స్ గూర్ఖాకి 700. తేడా ఎంత తక్కువో చూశారా? వైరింగ్, యాక్సిల్, గేర్‌బాక్స్ బ్రీదర్లు (గాలి ఆడే రంధ్రాలు) కిందే ఉంటాయి కాబట్టి స్నార్కెల్ నోరు ఎంత పైన ఉన్నా లోతు మాత్రం అంతగా పెరగదు.

దుమ్ముకి మాత్రం స్నార్కెల్ నిజంగా ఉపయోగం, టైర్లు లేపే మట్టికి పైన కొంచెం శుభ్రమైన గాలి దొరుకుతుంది. కానీ బిగించేటప్పుడు ప్రతి అతుకూ గాలి చొరకుండా ఉండాలి, ఫిల్టర్ డబ్బా అడుగున వాననీళ్ళు పోవడానికి ఉండే రంధ్రానికి వన్-వే వాల్వ్ పెట్టించాలి, లేదంటే వాగులో నీళ్ళు అక్కడినుంచే ఎక్కుతాయి. పని పూర్తయ్యాక ఇంజన్ ఐడిల్‌లో ఉంచి స్నార్కెల్ నోటికి గట్టి అట్ట ఒక్క క్షణం అడ్డం పెట్టించి చూడండి. ఇంజన్ వెంటనే కుంగాలి. ఏ మార్పూ లేకపోతే గాలి ఇంకెక్కడినుంచో వస్తోంది, అంటే నీళ్ళూ అక్కడినుంచే వస్తాయి. బండి మెకానిక్ దగ్గరి నుంచి తీసుకెళ్ళేముందే ఈ పరీక్ష చేయించుకోండి.

నీళ్ళలో ఇంజన్ ఆగిపోతే సెల్ఫ్ కొట్టొద్దు. నీళ్ళు గాలిలాగా నలగవు, పిస్టన్ పైకి వచ్చి ఆగిపోతుంది, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బండిని బయటికి లాగించి ముందు ఫిల్టర్ తీసి చూడండి. తడిసి ఉంటే గ్లో ప్లగ్గులు గానీ, ఇంజెక్టర్లు గానీ విప్పి నీళ్ళు బయటికి పోయాకే ఇంజన్ తిప్పాలి, అది మెకానిక్ చేయాల్సిన పని.

ప్రశ్న: మాది జగిత్యాల, దుబాయ్‌లో పనిచేస్తున్నాను. ఇక్కడ సెలవు రోజు ఇసుక తిన్నెల్లోకి వెళ్తాం. ఇక్కడికి ప్రత్యేకంగా ఏదైనా ఫిల్టర్ కావాలా? (దుబాయ్)

జవాబు: తిన్నెల మీది ఇసుక రేణువు పెద్దది, డబ్బా అడుగునే ఆగిపోతుంది. మీరు జాగ్రత్త పడాల్సింది తిన్నెల దాకా వెళ్ళే గులకరాళ్ళ దారిలో, ముందు బండి వెనకాల అంటిపెట్టుకుని పోయేటప్పుడు. దుమ్ము తెర తేలిపోయేదాకా దూరం పాటిస్తే ఏ ఖరీదైన ఫిల్టర్ కంటే ఎక్కువ మేలు. తరచూ వెళ్తుంటే స్నార్కెల్ మీద పెట్టే సైక్లోన్ ప్రీక్లీనర్ కొనుక్కోవచ్చు, గాలిని గిర్రున తిప్పి బరువైన రేణువుల్ని బయటికి విసిరేస్తుంది, కంపెనీ పేపర్ ఫిల్టర్ మీద భారం తగ్గుతుంది. ఇంటికొచ్చాక డబ్బా అడుగున చేరిన ఇసుకని ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్‌తో లాగేయండి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ ఇసుజు వీ-క్రాస్ పికప్ ట్రక్కు చూస్తున్నాను. ముందు ఓనర్ ఆఫ్‌రోడ్ బాగా తిప్పాడట. ఇంజన్ దుమ్ము తిన్నదో లేదో ఎలా తెలుస్తుంది? (తిరుపతి)

జవాబు: మీ దగ్గరున్న శ్రీసిటీలోనే తయారయ్యే బండి కాబట్టి పార్టుల ఇబ్బంది తక్కువ, ఇంజన్ సంగతే చూసుకోవాలి. బేరం మాట్లాడకముందే ఫిల్టర్ డబ్బా విప్పమనండి. కొత్త ఫిల్టర్ కనిపిస్తే సంతోషపడొద్దు, అమ్మేముందు అందరూ మారుస్తారు. దాన్ని పక్కన పెట్టి పైపు లోపల వేలు తిప్పండి. ఆ తర్వాత టర్బోకి వెళ్ళే పైపు విప్పించి కంప్రెసర్ రెక్కల అంచులు టార్చితో చూడండి, దుమ్ము తిన్న టర్బోకి ఆ అంచులు అరిగి మొద్దుబారి ఉంటాయి. ఇంజన్ వేడెక్కాక ఐడిల్‌లో ఆయిల్ పోసే మూత మెల్లగా తీసి పెట్టండి. సన్నగా ఆవిరి వస్తే మామూలే, పొగ బుస్సుబుస్సుమని తోసుకొస్తుంటే రింగులు, బోరు అరిగినట్టు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు వెనక నీలంపొగ కూడా వస్తే ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు. పైపు లోపల దుమ్ము ఉండి మిగతావన్నీ బాగుంటే మాత్రం ఇంజన్ ఆయిల్ కొంచెం ల్యాబ్‌కి పంపించండి. అందులో సిలికాన్ ఎక్కువని రిపోర్టు వస్తే మట్టి లోపలికి చేరిందని తెలుస్తుంది, ఇనుము కూడా ఎక్కువగా ఉంటే అరుగుదల అప్పటికే మొదలైందని. ఆ రిపోర్టు చేతికి వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.